తాతల ఊరి వైపు వాలంటీరుగా వస్తున్నారా? గోదావరి జిల్లాల్లో మొదటి రోజులు ఇలా గడపండి

అమెరికాలోనో ఇంగ్లండులోనో పుట్టి పెరిగి, ఓ నెల రోజులు బడిలో పాఠాలు చెప్పడానికి అమ్మమ్మా తాతయ్యల ప్రాంతానికి వచ్చే తెలుగు పిల్లలకీ, వాళ్లని పంపే తల్లిదండ్రులకీ పనికొచ్చే వివరాలివి. మకాం రాజమహేంద్రవరం అనుకుని రాశాం. శ్రీకాకుళమైనా కరీంనగరైనా సగం సంగతులు ఇవే.

అన్నిటికంటే ముందు ఒక మాట. దిగిన మర్నాడే తాతగారి ఊరికి పరుగెత్తకండి. నిద్ర వేళలు ఇంకా కుదరవు, కడుపు ఇంకా ఇక్కడి నీళ్లకి అలవాటు పడదు. ఆ ఊళ్లో అయిదు ఇళ్లలో భోజనానికి కూర్చోబెడతారు. పైగా చుట్టాలకి ఒకసారి దొరికారంటే మీ తర్వాతి పది రోజులూ వాళ్లే పంచేసుకుంటారు, వచ్చిన పని మొదలే కాదు. ముందు బడిలో కాలు నిలదొక్కుకోండి. ఊరి ప్రయాణం రెండో ఆదివారానికి పెట్టుకోండి.

ఎప్పుడు రావాలి

ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవుల తర్వాత బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మే నెలలో టికెట్టు చౌకగా దొరికిందని వచ్చేస్తే బడికి తాళం, పైన రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండ. జూన్ 8-10 మధ్య దిగితే మృగశిర కార్తె వచ్చేసి ఉంటుంది. ఉక్కపోత తగ్గదు కానీ బతకొచ్చు. డిసెంబరు, జనవరి వాతావరణం హాయిగా ఉంటుంది. అయితే సంక్రాంతికి బడులకి వారం పైగా సెలవులు, రైళ్లలో కాలు పెట్టే చోటుండదు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. చివరి నిమిషంలో తత్కాల్ చూసుకుందాంలే అనుకోకండి. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ అనుసంధానం తప్పనిసరి, అది మీ దగ్గర ఉండదు. రైల్వే యాప్‌లో వెతికేటప్పుడు ‘రాజమండ్రి’ అనే వెతకండి. ఊరి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయినా స్టేషను పాత పేరుతోనే నడుస్తోంది. విమానంలో అయితే మధురపూడిలో దిగాలి.

కాగితాలు

ఈ-టూరిస్ట్ వీసా మీద జీతం, ప్రతిఫలం ఏమీ లేని స్వచ్ఛంద సేవ గరిష్ఠంగా ఒక నెల చేయొచ్చు. అంతకు మించి ఉండాలంటే స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన ఆహ్వానపత్రంతో, ఆ సంస్థ పేరూ పనిచేసే చోటూ రాయించుకుని, ఎంప్లాయ్‌మెంట్ వీసా తీసుకోవాలి. దరఖాస్తు పెట్టే ముందు వెబ్‌సైట్ చిరునామా చివర ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూడండి. అచ్చం అలాగే కనిపించి రెట్టింపు డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి.

ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు, ఉంటే ఈ బాధ ఉండదు. కానీ మత ప్రచారం, పత్రికల పని, పరిశోధన, పర్వతారోహణ వీటికి ఓసీఐ ఉన్నా విడిగా అనుమతి కావాలి. ‘మా ఊరి మీద పరిశోధన చేస్తున్నా’ అని ఫారాల్లో సరదాకి కూడా రాయకండి. ప్రయాణంలో కార్డు, విదేశీ పాస్‌పోర్టు రెండూ వెంట ఉండాలి.

మీకు గది ఇచ్చినవాళ్లు, అది హోటలైనా ఇల్లైనా, 24 గంటల్లోగా ఆ సంగతి విదేశీయుల నమోదు విభాగానికి ఆన్‌లైన్‌లో తెలపాలి. పెద్ద హోటళ్లకి ఇది అలవాటే. ఇంటివాళ్లకి చాలామందికి తెలియదు, తర్వాత పోలీసులు అడిగితే కంగారుపడేది వాళ్లే. దిగిన రోజే పాస్‌పోర్టు, వీసా నకళ్లు వాళ్ల చేతికిచ్చి ఆ పని చేయించండి. శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహంతో సందేశాలు పంపే ట్రెక్కింగ్ పరికరాలు అనుమతి లేకుండా ఇక్కడ నిషిద్ధం. సంచిలో ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి.

మొదటి మూడు రోజులు

సిమ్ వీధి చివర కొట్లో దొరకదు. వాళ్ల దగ్గర ఆధార్ వేలిముద్రతో ఇచ్చే పద్ధతే ఉంటుంది. విమానాశ్రయంలోనో, కంపెనీ సొంత దుకాణంలోనో పాస్‌పోర్టు, వీసా, ఫొటో, ఇక్కడి చిరునామా చూపించి తీసుకోవాలి. ధ్రువీకరణకి ఓటీపీ పంపడానికి స్థానిక నంబరు ఒకటి అడుగుతారు, మిమ్మల్ని పిలిచినవాళ్లని పక్కన ఉంచుకోండి. మొదలవడానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పట్టొచ్చు. అందాకా రోమింగ్ ఉంచండి.

డబ్బు విషయంలో కాస్త తికమక ఉంటుంది. కొబ్బరి బొండాలవాడి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, కానీ మీ విదేశీ కార్డు అక్కడ పనిచేయదు. విదేశీ ప్రయాణికుల కోసం యూపీఐ వన్ వరల్డ్ అనే ముందస్తు చెల్లింపు వాలెట్ ఉంది, విమానాశ్రయంలోనే వాకబు చేయండి. ఇదేదీ కుదరకపోతే నగదే దిక్కు. ఏటీఎం అయిదొందల నోట్లు ఇస్తుంది, ఆటోవాడి దగ్గర చిల్లర ఉండదు. పెట్రోలు బంకులోనో మందుల షాపులోనో మార్చుకుని పది, ఇరవై, యాభై నోట్లు జేబులో ఉంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు దాచిన పాత అయిదొందలు, వెయ్యి నోట్లు 2016 నవంబరులోనే రద్దయ్యాయి, వాటిని తేవద్దు.

ఇక్కడ కరెంటు 230 వోల్టులు, ప్లగ్గు గుండ్రటి పిన్నులది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద ‘100-240’ అని ఉంటే ప్లగ్గు మార్చుకునే అడాప్టర్ చాలు. అమెరికా హెయిర్ డ్రయ్యర్, జుట్టు సాపుచేసే ఇస్త్రీ చాలావరకు 120 వోల్టులకే చేసినవి. అడాప్టర్ తగిలించి పెడితే ఒక్క నిమిషంలో కాలిపోతాయి.

నీళ్ల సంగతి నిదానంగా చదవండి, మొదటి వారం పాడయ్యేది దీనివల్లే. ఇళ్లకి వచ్చే 20 లీటర్ల టిన్ను చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ సీలు లేని టిన్ను ఎక్కడ నింపారో, ఎన్నాళ్ల కిందట కడిగారో ఎవరూ చెప్పలేరు. మొదటి వారమైనా ఆ నీళ్లు కూడా కాచి తాగండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి దించితే సరిపోతుంది. సీసా నీళ్లే తాగుతున్నామని చాలామంది ధీమాగా ఉంటారు. మజ్జిగలో కలిపేవీ నీళ్లే, రోజ్ మిల్క్‌లో వేసే ఐసూ నీళ్లే, పచ్చడి ముక్కలు కడిగిందీ నీళ్లే. రాజమండ్రి రోజ్ మిల్క్ తాగకుండా వెళ్లమని ఎవరమూ చెప్పం. పదో రోజున తాగండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొడి వాడండి. ప్యాకెట్టు మీద ఎంత నీటికో చదవండి. లీటరువీ ఉంటాయి, 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి. లీటరు ప్యాకెట్టు గ్లాసులో కలిపితే మేలు బదులు కీడు. పొడి దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చెంచాకి తలకొట్టి కొలిచి కలపండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, రెండు రోజులకి తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాల గురించి బయల్దేరడానికి నాలుగైదు వారాల ముందే మీ డాక్టరుతో మాట్లాడండి. దోమతెర రాత్రికే అనుకోకండి, డెంగీ దోమ పగలే కుడుతుంది. కుక్క కరిస్తే సబ్బుతో, కారే నీళ్ల కింద పావుగంట కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పసర్లు, కారం, సున్నం ఎవరు పూయబోయినా ఒప్పుకోవద్దు. అంబులెన్సుకి 108, ఏ ఆపదకైనా 112.

స్కూటీ ఇస్తామని ఎవరో ఒకరు అంటారు. మీ దేశం లైసెన్సులో మోటారు సైకిలుకి అనుమతి ఉండి, దాంతో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉంటేనే ముట్టుకోండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా రాదు. షేర్ ఆటో ఎక్కే ముందు ‘సీటుకెంతండి?’ అని అడగండి. ‘ఎంత?’ అని ఊరుకుంటే ఆటో మొత్తానికి బేరం అనుకుంటాడు. ఆర్టీసీలో పల్లెవెలుగు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ ఆగదు. కాబట్టి చిన్న ఊరికి వెళ్లేటప్పుడు బోర్డు చూసి ఎక్కండి. ఆడవాళ్లకి స్త్రీశక్తి పథకంలో బస్సు ఉచితమే, అయితే రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీరు టికెట్టు కొనాల్సిందే.

బడిలో

ప్రభుత్వ బడిలో హెడ్‌మాస్టరు ‘రండి’ అన్నంత మాత్రాన సరిపోదు. మండల విద్యాశాఖాధికారి, అంటే ఎం.ఈ.ఓ., నుంచి మీ పేరు, తేదీలతో ఒక ఉత్తరం తెప్పించుకోండి. రెండు నకళ్లు తీసి ఒకటి బడిలో ఇచ్చి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఊళ్లో పరిచయం చేసుకునేటప్పుడు ఉత్త ‘వాలంటీరుని’ అనకండి. 2019 తర్వాత ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చిన గ్రామ వాలంటీర్లే జనానికి గుర్తొస్తారు. ‘జీతం లేకుండా నెల రోజులు పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చానండి’ అంటే ఒక్కసారికే అర్థమవుతుంది.

మాట తీరు ముందే సరిచేసుకోవాలి. మీరు తెలుగు నేర్చుకున్నది అమ్మానాన్నలు మీతో మాట్లాడగా విని కాబట్టి ‘నువ్వు, రా, తిను’ నాలుక చివర ఉంటాయి. అదే అలవాటుగా హెడ్‌మాస్టరుతో ‘నువ్వు రా’ అన్నారో, పైకి నవ్వినా లోపల నొచ్చుకుంటారు. గోదావరి జిల్లాల్లో వాక్యానికొక ‘అండి’ తగిలించడం మర్యాద. ‘అవునండి, వస్తానండి, చాలండి.’ పెద్ద వయసు ఆటో డ్రైవరుని ‘బాబాయ్ గారూ’ అనండి, మధ్యాహ్న భోజనం వండే ఆమెని ‘పిన్ని గారూ’ అనండి. టీచర్లని ‘మాస్టారూ’, ‘మేడం గారూ’ అంటే చాలు. నిక్కరుతో బడికి, గుడికి వెళ్లకండి.

మొదటి రెండు రోజులు వెనక బెంచీలో కూర్చుని క్లాసులు చూడండి. మూడో రోజు ఆరో ఏడో తరగతిలో ఒక్క పీరియడు తీసుకోండి, టీచరుని గదిలోనే ఉండమనండి. మీ ఉచ్చారణ పిల్లలకి అందదు. సగం వేగంతో మాట్లాడి, ప్రతి కొత్త మాటా బోర్డు మీద రాయండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు. క్లాసంతా ఒక్క గొంతుతో ‘అర్థమైంది సార్’ అంటుంది, ఏమీ అర్థం కాకపోయినా. ఒక పిల్లని లేపి ‘ఇందాక చెప్పింది తెలుగులో చెప్పమ్మా’ అనండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. బోధనకి అంతకంటే మంచి సాధనం ఇంకోటి తేనక్కర్లేదు. మీకు తెలుగు చదవడం తడబడితే పిల్లలకి మీరు ఇంగ్లీషు, మీకు వాళ్లు తెలుగు చదివి వినిపించే పద్ధతి పెట్టండి. నెలలో ఇద్దరూ బాగుపడతారు.

మధ్యాహ్నం పిల్లల పక్కన కూర్చుని తినండి. బడిలో మధ్యాహ్న భోజన పథకానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మది (1841-1909). కోనసీమలోని లంకలగన్నవరంలో, ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టిన ఇల్లాలు.

పిల్లల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టకండి. చాక్లెట్లు, డబ్బు పంచితే మర్నాటి నుంచి పాఠం వినరు, చేతులు చూస్తారు. స్వచ్ఛంద సంస్థకి విరాళం ఇవ్వాలనిపిస్తే నగదు చేతిలో పెట్టొద్దు. విదేశీ పౌరుడి డబ్బు, ఓసీఐ ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసం తెరిచిన ఖాతా ద్వారానే తీసుకోవాలి. నమోదు లేని చిన్న సంస్థకి మీరిచ్చే పదివేలు పెద్ద చిక్కు తెచ్చిపెడతాయి.

ఆదివారాలు: ఏం చూడాలి

మొదటి ఆదివారం ఊళ్లోనే తిరగండి. ఆరింటికల్లా పుష్కర ఘాట్ చేరితే ఎండ ఎక్కేలోగా మూడు వంతెనలూ చూడొచ్చు. 1900లో తెరిచి 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997లో వచ్చిన విల్లు వంతెన. ఈతకి దిగకండి. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది, మెట్టు దాటితే లోతు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) బొమ్మలున్న గ్యాలరీకి, గౌతమీ గ్రంథాలయానికి తప్పకుండా వెళ్లండి, అందరూ వీటిని వదిలేసి చీరల కొట్లకి పోతారు. సాయంత్రం ఆటోలో ధవళేశ్వరం. 1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట చోటే ఇప్పుడు బ్యారేజీ ఉంది, దగ్గర్లోనే కాటన్ మ్యూజియం. డెల్టా పల్లెల్లో గుర్రం మీద కనిపించే దొర విగ్రహాలు ఎవరివో అక్కడ తెలుస్తుంది.

జూన్-ఆగస్టు మధ్య వచ్చినవాళ్లు పాపికొండల పడవ మీద ఆశ పెట్టుకోవద్దు. వరద కాలంలో ఆపేస్తారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక నియమాలు బిగిశాయి. నడిచే కాలం, అంటే కార్తీకం నుంచి వేసవి దాకా, వెళ్తే లైఫ్ జాకెట్ దిగేదాకా విప్పకండి, సెల్ఫీ కోసం కూడా. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం వార్తల్లో చూసుకోండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే నది మధ్య ఉండే లంక గ్రామాల ప్రయాణం మానుకోవాలి. వెళ్లగలిగినా తిరిగి రాలేకపోవచ్చు.

మూడో ఆదివారానికి మంచి చుట్టు ఒకటుంది. పొద్దున్నే రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం బస్సు. పంచారామాలనే అయిదు శివక్షేత్రాల్లో ఒకటైన భీమేశ్వరాలయాన్ని మధ్యాహ్నం తలుపులు వేసేలోగా చూసేయండి. అక్కడి నుంచి కోటిపల్లి, కోటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటితే ముక్తేశ్వరం. అక్కడి నుంచి అమలాపురం, రావులపాలెం మీదుగా వెనక్కి. పంటు మీద మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, పెళ్లివాళ్లు అందరూ ఉంటారు. కోనసీమ చూడ్డానికి రిసార్టు కంటే అదే మేలు. వరదలో, చీకటి పడ్డాక పంటు నడవదు. ముత్తాతలు బర్మాకో మారిషస్‌కో వెళ్లినవాళ్లైతే కాకినాడ దాటి కోరంగి వెళ్లండి. ఇప్పుడు మడ అడవి, అప్పట్లో ఓడరేవు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు.

వరద నీళ్లతో పులస చేప వస్తుంది. పుస్తెలమ్మైనా తినాలంటారు, ధర కూడా అలాగే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పెడితే తినండి, హోటల్లో పులస పేరుతో వేరే చేప వడ్డించే అవకాశమే ఎక్కువ. ముళ్లు సన్నం, మాట్లాడుతూ తినకండి.

తాతగారి ఊరు

బయల్దేరే ముందు నాలుగు సంగతులు రాసుకోండి: ఇంటిపేరు, తాతగారి పూర్తి పేరు, వాళ్ల నాన్న పేరు, మండలం. ఊరి పేరు ఒక్కటీ చాలదు. ఆటోలో ‘గన్నవరం’ అంటే విజయవాడ దగ్గరిదా, కోనసీమలోని పి.గన్నవరమా, దాని పక్క లంకలగన్నవరమా? మండలాలు వచ్చింది 1985లో. అంతకు ముందు కాగితాల్లో తాలూకా ఉంటుంది. 1925కి ముందు తూర్పు, పశ్చిమ గోదావరి అనే పేర్లే లేవు, గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. ‘తూర్పుగోదావరి’ అని తాతగారు రాసిన ఊరు ఇప్పుడు కాకినాడ జిల్లాలోనో కోనసీమలోనో ఉండొచ్చు.

దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ కుటుంబాలకి ఓడ కాగితాలే ఆధారం. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి కూలీల ఓడలు 1860 నుంచి, ఫిజీకి మద్రాసు ఓడలు 1903 నుంచి వెళ్లాయి. ఆ కూలీలకిచ్చిన పాసుల మీద తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం ఉంటాయి, కానీ దొర గుమాస్తాకి ఎలా వినిపిస్తే అలా రాశాడు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, విజగపటం అంటే విశాఖపట్నం, కోకనాడ అంటే కాకినాడ. ఊరి పేరు కంటితో చదివితే తేలదు. పైకి నాలుగైదు రకాలుగా పలికి, ఆ తాలూకా వాళ్లకి వినిపించండి.

పొద్దున్న ఎనిమిదింటికల్లా చేరండి. నేరుగా ఇళ్ల మీద పడకుండా రామాలయం దగ్గరో టీ కొట్టు దగ్గరో కూర్చున్న పెద్దవాళ్లని అడగండి. ‘ఫలానా ఇంటిపేరు వాళ్ల మనవణ్ణండి, మా తాతగారు ఫలానా’ అని, ఫోనులో కాకుండా కాగితం మీద ఉన్న పాత ఫొటో చేతికివ్వండి. ఆ ఫొటో నలుగురి చేతులు మారేసరికి ఇల్లు దొరుకుతుంది. మొదటి రోజు భూమి మాట ఎత్తకండి. సర్వే నంబర్లు, అడంగళ్లు (పొలం లెక్కల కాగితాలు), ‘మాకేమైనా పొలం ఉండేదా’ లాంటి ప్రశ్న ఒక్కటి పడితే వాటా కోసం వచ్చారనుకుని నోళ్లు మూసుకుంటారు. అవసరమైతే ఇంకో రోజు గ్రామ సచివాలయంలో అడగొచ్చు.

పళ్లు, ఒక మిఠాయి పొట్లం చాలు. ప్రతి ఇంట్లోనూ ‘సగం గ్లాసే ఇవ్వండి పిన్నిగారూ’ అని ముందే చెప్పండి, పోశాక వదిలేయడం బాగుండదు. విస్తట్లో మొదట కొంచెమే వేయించుకుని, రెండోసారి అడిగి వేయించుకుంటే వడ్డించేవాళ్లు సంతోషిస్తారు. బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చినా, చేతిలో వంద నోటు పెట్టినా కాదనకండి, కాళ్లకి దణ్ణం పెట్టి తీసుకోండి. ఎవరు ఏమవుతారో అక్కడికక్కడే గీతలు గీసి రాసుకోండి. గొంతు రికార్డు చేసే ముందు అడగండి.

ఇల్లు, ఒక్కోసారి ఊరే, ఉండకపోవచ్చు. లంకల్లో గట్టు కోసుకుపోయి వీధులు నదిలో కలిశాయి. పోలవరం ప్రాజెక్టు ముంపులోకి వెళ్లిన దేవీపట్నం వైపు పల్లెలవాళ్లు పునరావాస కాలనీల్లో ఉన్నారు, పాత ఊరి పేరు చెప్పి ఆ కాలనీల్లో అడగాలి.

బస్సు దిగేటప్పుడే కండక్టరుని ‘వెనక్కి ఆఖరి బస్సు ఎన్నింటికండి, ఈ స్టాపులోనే ఆగుద్దా?’ అని అడగండి. చాలా ఊళ్లకి ఆఖరి పల్లెవెలుగు చీకటి పడకముందే వెళ్లిపోతుంది. ‘ఉండు, మా అబ్బాయి బండి మీద దింపుతాడు’ అని చుట్టాలు అంటారు, కానీ హెల్మెట్ ఒక్కటే ఉంటుంది.